పిలక పాపకి

అనగా అనగా, గోదారి ఇంకా తన దారి తనే వెతుక్కుంటున్న రోజుల్లో, ఆ నీళ్ళ నడుమ ఒక లంక ఉండేది. ఆ లంకలో నూకాలు అనే ఆడమనిషి ఉండేది. నిలబడితే నడవాలి ఆమెకి. నడిస్తే పరుగెత్తాలి. ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లంకలో ఒక్కరూ లేరు. అన్నం కూడా నిలబడే తినేది, ఒక కాలు గుమ్మం లోపలా, ఒక కాలు గుమ్మం బయటా పెట్టి.

"ఏటే నూకాలూ, ఒక్క గడియ కూకుంటే నేలేమన్నా కరుత్తాదేటే?" అని పక్కింటి అచ్చియ్యమ్మ అడిగేది.

"పనుందొదినా," అనేది నూకాలు. ఆ మాట అచ్చియ్యమ్మ చెవిన పడేసరికే ఆమె వీధి మలుపు తిరిగిపోయేది.

ఆమె మొగుడు సింహాద్రి రేవులో పడవ నడిపేవాడు. మహా నిదానస్తుడు. అతను చుట్ట వెలిగించుకునేలోపు ఆమె ఇల్లు అలికి, నీళ్ళు తెచ్చి, పొయ్యి రాజేసేది. ఇద్దరినీ కలిపి కొలిస్తే సరిగ్గా ఇద్దరు మామూలు మనుషులు తేలతారని లంకలో అందరూ వేళాకోళం చేసేవారు.

ఆ లంక ఒడ్డున వట్టివేరు గడ్డి పెరిగేది. ఎవరూ నాటింది కాదు, దానంతట అదే. పైకి చూస్తే ఏముంది, గరుకు గడ్డి. గేదె కూడా ఒకసారి మూతి పెట్టి వెళ్ళిపోతుంది. కానీ కింద ఉన్న వేరుంది చూశారూ, అది తడిస్తే చాలు, ఇల్లంతా ఘుమఘుమలాడిపోతుంది. ఎండాకాలం వస్తే దివాణంలో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లుకునేవారు. లంకవాళ్ళు వేళ్ళు తవ్వి ఇచ్చేవారు. దివాణం నుంచి ధాన్యం వచ్చేది. గోదారి పొంగి రాకపోకలు ఆగిపోయినప్పుడు ఆ ధాన్యమే లంకకి అన్నం.

తవ్వడానికి ఒక పద్ధతి ఉండేది. దుబ్బు చుట్టూ గునపం దింపాలి. దుబ్బుని పైకి లాగి మట్టి దులపాలి. వేరు కోసి గంపలో వెయ్యాలి. మిగిలిన తలని, అంటే పిలకలున్న మొదలుని, నీళ్ళలోకి విసిరెయ్యాలి. అలా విసిరేటప్పుడు అందరూ ఒక పాట పాడేవారు:

"వేరు మనకి, పిలక గోదారికి."

ఒడ్డు అంచున ఇసుక గుల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ వేరు తిన్నగా, పొడుగ్గా దిగుతుంది. అందుకని అందరూ అంచునే తవ్వేవారు. అందరికంటే జోరుగా నూకాలు తవ్వేది. ఒక వేసవిలో లంక తూర్పు మలుపు మొత్తం ఆమె ఒక్కతే తవ్వి పారేసింది. ఆమెకో పాప ఉండేది, అప్పుడప్పుడే మాటలొచ్చిన పాప. తల్లి తవ్వుతుంటే ఆ పిల్ల వేళ్ళ కుప్ప మీద ఎక్కి కూర్చుని, గుప్పెడు వేళ్ళు ముక్కుకి ఆనించుకుని, "అమ్మా, వాసన," అనేది. "అమ్మా, వాసన," అని మళ్ళీ అనేది.

ఆ వేసవి చివర పాపకి జ్వరం వచ్చింది. మూడు రోజులు కాసింది. మూడో రోజు సాయంత్రం పాప పోయింది.

పసిబిడ్డల్ని ఆ లంకలో మట్టిలోనే పెట్టేవారు. పాప ఆడుకున్న చోటనే, తూర్పు మలుపులో, సింహాద్రి చిన్న గొయ్యి తీశాడు. నూకాలు ఏడవలేదు. ఏడవడానికైనా కాసేపు ఒకచోట ఉండాలి కదా. ఆమె లంక చుట్టూ తిరుగుతూనే ఉంది.

వానలొచ్చాయి. గోదారి ఎర్రబడింది, పొంగింది, తగ్గింది. తగ్గగానే నూకాలు తూర్పు మలుపుకి పరుగెత్తింది. వెళ్ళి చూస్తే మలుపు సగానికి సగం లేదు. ఇసుక పొడిపిండిలా జారిపోతోంది. నిన్న నేల ఉన్నచోట నీళ్ళున్నాయి.

ఆమె రేవుకి పరుగెత్తి మొగుడి పడవ గెడ పట్టుకొచ్చింది. పాప ఉన్న చోటు నుంచి ఒడ్డు అంచుదాకా ఆ గెడని పరిచి చూసింది. మూడు గెడలు.

"ఏం కొలుత్తన్నావే?" అన్నాడు వెనకే వచ్చిన సింహాద్రి.

"గోదారిని. పాపకి ఎంత దూరంలో ఉందో సూత్తన్నా."

సింహాద్రి గెడ రెండో కొస పట్టుకుని ఎత్తాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "పాపని ఆ ఎత్తు దిబ్బ మీదకి మార్చేద్దామా? తీసి..."

"పడుకున్న బిడ్డని లేపమంటావా?" అంది నూకాలు. ఆ మాట మళ్ళీ ఎత్తే ధైర్యం అతనికి లేకపోయింది.

ఆ అంచునే నడుస్తుంటే ఆమెకి ఒకటి కనపడింది. మలుపంతా విరిగిపోయినా ఒకచోట మాత్రం చిన్న ముక్క నీళ్ళలోకి పొడుచుకుని నిలబడి ఉంది. దాని మీద ఒకే ఒక్క వట్టివేరు దుబ్బు, ఆమె గునపానికి దొరక్కుండా తప్పిపోయిన దుబ్బు. పక్కనున్న మన్నంతా కొట్టుకుపోయింది. దాని కింది మన్ను కొట్టుకుపోలేదు. వేళ్ళు ఆ మట్టిని చుట్టూ పట్టుకుని, ఇంకా కిందికి దిగి, మరింత పట్టుకుని ఉన్నాయి.

నూకాలు వంగి ఆ వేళ్ళని తడిమింది. ఈ మలుపుని ఇన్నాళ్ళూ పట్టుకున్నవాటిని తవ్వి పారేసింది ఎవరు? ఆమే. తన చేతులతో, పాట పాడుకుంటూ, పాపని పక్కన కూర్చోబెట్టుకుని. ఇప్పుడు గోదారి ఆ దారినే పాప దగ్గరికి వస్తోంది.

ఆమె ఆ దుబ్బు నుంచి పిలకలు విడదీసింది. పాపకీ నీళ్ళకీ మధ్య వరసగా నాటింది.

నాటింది సరే, ఆమె సంగతి మీకు తెలుసుగా. పొద్దున్నే వెళ్ళి, వేరు వచ్చిందో లేదోనని ఒక పిలకని పైకి లాగి చూసింది. రాలేదు. మళ్ళీ గుచ్చింది. మర్నాడు వెళ్ళి ఇంకో రెండు లాగి చూసింది. కొన్నాళ్ళకి తెల్లటి వేళ్ళు కనపడ్డాయి. ఆ వేళ్ళ మీద సన్నటి నూగు, పసిపిల్ల మెడ మీద ఉంటుందే, అంత సన్నం. ఆ నూగుకి మట్టి రేణువులు అంటుకుని ఉన్నాయి. ఆమె సంతోషం పట్టలేక వరసంతా లాగి చూసింది. అన్నిటికీ ఉంది నూగు. అన్నిటినీ మళ్ళీ గుచ్చింది. మర్నాడు మళ్ళీ లాగింది.

పండగ నాటికి ఒక్కటి లేకుండా అన్నీ చచ్చాయి.

"నేల మంచిది, నీళ్ళు పోశాను, ఎందుకు చచ్చాయొదినా?" అని అచ్చియ్యమ్మ ముందు గింజుకుంది.

"రోజూ పీకితే సావక ఏం జేత్తాయే? మొక్క నీళ్ళు తాగేది ఆ నూగుతోనే. నువ్వు లాగినప్పుడల్లా అది తెగి మట్టిలోనే ఉండిపోయింది. పాలు తాగే పిల్ల నోట్లోంచి గడియకోసారి రొమ్ము లాగేసినట్టు చేశావు."

నూకాలు తన చేతుల వంక చూసుకుంది. ఆ రోజు అన్నం తినలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. గోదారి ఎర్రబడింది, పొంగింది, తగ్గింది. నూకాలు గెడ పట్టుకుని పరుగెత్తింది. రెండు గెడలు.

దేవుడి దయవల్ల ఆ ఒంటి దుబ్బు ఇంకా ఉంది. మళ్ళీ పిలకలు తీసింది, మళ్ళీ వరసగా నాటింది. ఈసారి లాగలేదు. లాగాలనిపించినప్పుడల్లా కుండెత్తుకుని గోదారికి పరుగెత్తేది. పొద్దున నీళ్ళు, మధ్యాహ్నం నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. పాపకి ఏం లోటు చేశానోనని మథనపడే తల్లి కదా, గడ్డికి ఏ లోటూ రానివ్వలేదు. ఆకులు పచ్చగా, నిగనిగలాడుతూ లేచాయి. చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత ఏపుగా ఉన్నాయే" అన్నారు. ఆ మాట వినడానికే ఆమె అటు పదిసార్లు తిరిగేది.

ఎండలు ముదిరాక నూకాలు జబ్బుపడింది. మూడు రోజులు లేవలేదు. నాలుగోనాడు గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, చివరికి మొగుడి భుజం పట్టుకుని మలుపుకి వెళ్ళింది. వరసంతా ఎండిపోయి ఉంది. వేలితో తాకితే పొడి రాలింది.

ఒకదాన్ని లాగింది. చేతిలో ఇట్టే ఊడొచ్చింది. వేళ్ళు పైపైనే, చాపలా పరుచుకుని ఉన్నాయి, గుప్పెట్లో పడతాయి. ఆమె ఆ గుంటని చేత్తో ఇంకాస్త తవ్వింది. మోచెయ్యంత లోతులో ఇసుక చల్లగా, తడిగా ఉంది.

"నీళ్ళున్నాయి," అంది నూకాలు. "ఇక్కడే, కిందనే ఉన్నాయి. ఇయ్యి దిగలేదు."

"ఎందుకు దిగుతాయే?" అన్నాడు సింహాద్రి. "నువ్వు పైనే పోత్తన్నావు గదా."

వేరుకి కళ్ళు లేవు. తడి ఎటుంటే అటు వెళ్తుంది. పైన దొరికితే పైనే ఉంటుంది, దొరక్కపోతే దిగుతుంది. దిగితేనే పట్టు, పట్టుంటేనే పైన ఆకు. మనం ఆకుని చూసి మొక్క బాగుందంటాం. నూకాలు కూడా అలాగే అనుకుంది, పాపం.

మూడోసారి వానలొచ్చాయి. గోదారి ఎర్రబడింది, పొంగింది, తగ్గింది. నూకాలు గెడ పట్టుకుని పరుగెత్తింది. ఒక్క గెడ.

ఆ ఒక్క గెడ పక్కన నిలబడి మొట్టమొదటిసారి ఆమె ఏడ్చింది. నిలబడే ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఒంటి దుబ్బు నుంచి పిలకలు తీసి నాటింది. కొత్త ఆకు లేచేదాకా నీళ్ళు పోసింది. లేవగానే కుండ బోర్లించేసి రేవుకి వెళ్ళింది.

"మావా, నన్ను అవతలి ఒడ్డున దించెయ్," అంది.

"ఏమే?"

"ఇక్కడుంటే పీకుతాను. లేకపోతే నీళ్ళు పోత్తాను. నా సంగతి నాకు తెల్దా?"

సింహాద్రి ఆమెని పాయ దాటించాడు. అవతలి ఒడ్డున కోతలు, నూర్పిళ్ళు. ఆమె అక్కడ కూలి చేసుకుంటూ, ఒక పాకలో ఉండిపోయింది. పని చేస్తున్నంతసేపూ చూపు నీళ్ళ మీదే. సాయంత్రం పనవగానే ఒడ్డుకి వచ్చి ఇటూ అటూ తిరిగేది. పడవ కనపడగానే అరిచేది.

"మావా, ఉన్నాయా?"

"ఉన్నాయే!"

"నువ్వేం ముట్టుకోలేదు గదా?"

"ముట్టుకోలేదే!"

"ఎండిపోతన్నాయా?"

ఈ మూడో ప్రశ్నకి అతను తిన్నగా జవాబు చెప్పేవాడు కాదు. చలికాలం ముదిరేసరికి ఆకుల చివర్లు పసుపెక్కాయి. ఆ మాట ఆమెకి చెబితే ఈదుకుంటూ వచ్చేస్తుందని అతనికి తెలుసు. "బతికున్నాయే," అనేవాడు. ఆమె ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రంతా పాక చుట్టూ తిరిగేది.

ఎండలొచ్చాయి. పసుపెక్కిన ఆకుల మధ్య నుంచి, ఎవరూ ఒక్క చుక్క పొయ్యకుండా, కొత్త పచ్చ లేచింది. సింహాద్రి పడవలో నిలబడి గెడ ఊపుతూ కేకేశాడు. "దిగాయే నూకాలూ! దిగాయి!" అంత గట్టిగా అతను అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

నూకాలు లంకకి తిరిగొచ్చింది. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఒక ఏడాదంతా గడిచి, ఆ ఏటి వానలకీ ఒడ్డు ఒక్క గెడ దూరంలోనే నిలిచి, ఆ గడ్డి మనిషెత్తు లేచాక, దివాణం నుంచి కబురొచ్చింది. ఈసారి తడికలు రెట్టింపు కావాలన్నారు. లంకలో చూస్తే అంచులన్నీ తవ్వేశారు, అవన్నీ గోదారి పాలయ్యాయి. మిగిలినవి రెండే చోట్లు. ఒకటి లంక నడుమ ఎండిన మడుగు, అక్కడ బంకమట్టి, గునపం దిగదు, వేరు పొట్టి. రెండోది నూకాలు నాటిన వరస.

లంక పెద్ద బుల్లియ్య గునపాలవాళ్ళని వెంటబెట్టుకుని తూర్పు మలుపుకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ధాన్యం రాకపోతే వానాకాలం లంకంతా ఏం తింటుందో అన్న దిగులు అతనిది.

నూకాలు వాళ్ళని చూసింది. వరస దగ్గరికి వెళ్ళింది. పాప పక్కన, గడ్డికి వీపు ఆనించి, కాళ్ళు బారజాపి, కూర్చుంది.

గునపాలవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఒకడు ఊళ్ళోకి పరుగెత్తాడు. "నూకాలు కూకుంది! నూకాలు కూకుంది!" పొయ్యి మీద ఎసరు వదిలేసి ఆడవాళ్ళొచ్చారు, వలలు వదిలేసి మగవాళ్ళొచ్చారు. అచ్చియ్యమ్మ చేతిలో గరిటెతోనే వచ్చింది.

"లేమ్మా," అన్నాడు బుల్లియ్య.

"లెగను."

"లంక తిండి సంగతమ్మా. లే."

"లంకే లేకపోతే తిండెక్కడ తింటావు, బాబాయ్? లెగను."

"ఇదిగో, చివరిసారి చెబుతున్నా. లే."

"నేనొక్కదాన్నే ఈ మలుపంతా తవ్వేశాను," అంది నూకాలు. బారజాపిన కాళ్ళు బారజాపినట్టే ఉన్నాయి. "నా చేతుల్తో తవ్వి గోదారిని నా బిడ్డ మీదకి పిలిచాను. ఇప్పుడిది పట్టుకుంది. దీన్ని తవ్వాలంటే ముందు నన్ను తవ్వండి. లెగను."

బుల్లియ్య ఆమెని చూశాడు. గడ్డిని చూశాడు. ఒక్క గెడ దూరంలో ఉన్న నీళ్ళని చూశాడు. జన్మలో కూర్చోని మనిషి కూర్చున్న చోట గునపం దింపడానికి అతనికి చేతులు రాలేదు. "మడుగులోకి పదండ్రా," అన్నాడు.

బంకమట్టిలో తవ్వి తవ్వి చేతులు బొబ్బలెక్కాయి. అయినా తవ్వారు. నూకాలు కూడా తవ్వింది, అందరికంటే ఎక్కువ తవ్వింది. వేళ్ళు కోసి, అలవాటు ప్రకారం తలలు నీళ్ళలోకి విసరబోతుంటే ఆమె కొంగు పట్టి అడ్డం నిలబడింది.

"గోదారి కడుపు నిండింది గానీ, ఇయ్యి నాకిచ్చెయ్యండి."

"నీకెందుకే?"

"పాపకి."

ఆ మాటకి ఇంకేం అంటారు? వేశారు కొంగులో. ఆమె వాటిని అంచు వెంబడి నాటుకుంటూ పోయింది.

ఆ వానాకాలం వచ్చిన వరద మాట ముసలివాళ్ళు చెప్పుకునేవారు, అంతకు ముందు లేదు, తర్వాత లేదని. జనమంతా దిబ్బ ఎక్కారు. నూకాలు మాత్రం మలుపులోనే ఉంది. నీళ్ళు పాదాలు దాటి పిక్కల దాకా వచ్చాయి. సింహాద్రి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"రా."

"పాప..."

"నువ్వు పట్టుకుంటే ఆగేదైతే నేనూ పట్టుకుందును. అయ్యి పట్టుకుంటాయి. రా."

దిబ్బ మీద ఆమె పొద్దుగూకేదాకా గుండ్రంగా తిరిగింది. పశువులకి కళ్ళు తిరిగాయి గానీ ఆమెకి తిరగలేదు. మర్నాడు అలాగే తిరిగింది. మూడోనాడు నీళ్ళు తగ్గాయి. తగ్గుతుండగానే ఆమె గెడ లాక్కుని, మోకాలి లోతు బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తింది. వెనకాలే లంకంతా పరుగెత్తింది.

గెడ పరిచింది. ఒకటి. నమ్మలేదు. మళ్ళీ పరిచింది. ఒకటి. మూడోసారి పరిచింది. ఒకటే.

వరసకి అవతల, నీళ్ళ పక్కన, గోదారి మట్టిని గోడలా నిలువునా కోసేసింది. ఆ కోతలో వేళ్ళు బయటపడి, మనిషి కింద నిలబడి చెయ్యెత్తినా పై అంచు అందనంత లోతుకి దిగి కనపడ్డాయి. సన్నటివి, దారాల్లాంటివి. ప్రతి దారమూ దాని మట్టిని అది పట్టుకుని ఉంది. గడ్డి బురదలో పడుకుని, అప్పుడప్పుడే తల ఎత్తుతోంది. పాప చోటు చెక్కుచెదరలేదు.

నూకాలు రెండోసారి కూర్చుంది. ఆ వేళ్ళ మీద ముఖం ఆనించింది. "అమ్మా, వాసన," అంది, పాప అన్నట్టే. అక్కడున్నవాళ్ళలో కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. బుల్లియ్య అందరికంటే ముందు వంగి, కొట్టుకొచ్చిన పిలకొకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదీ పాపకే," అన్నాడు.

ఆ తర్వాత నూకాలు చాలా ఏళ్ళు బతికింది. లంక చుట్టూ తిరుగుతూనే బతికింది, కొంగులో పిలకలతో. ఆమె పోయినప్పుడు పాప పక్కనే పెట్టారు. ఆ లంక ఇంకా ఉంది. పక్క లంకలు రెండు పోయాయి, అది ఉంది.

ఇప్పటికీ అక్కడ వట్టివేరు తవ్వేవాళ్ళు అంచు వరస జోలికి పోరు. లోపలి వరసల్లో ఒక దుబ్బు తీస్తే, వేరు కోసి గంపలో వేసుకుని, పిలకని అదే గుంటలో పెట్టి మడమతో నొక్కుతారు. పాత పాటే పాడతారు, ఒక్క మాట తేడా:

"వేరు మనకి, పిలక పాపకి."

కొత్తగా మొక్క పెట్టిన పిల్లలు పదే పదే వెళ్ళి కదుపుతుంటే, "నువ్వూ అవతలి ఒడ్డుకి పోతావా?" అని తల్లులు కసురుతారు. ఆ పాప పేరేమిటని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ పేరు నూకాలుతోనే పోయింది. పాపకి చెందవలసిన పిలక మాత్రం ఏ ఏడూ తప్పలేదు.

కథని ఇక్కడ నాటేశాను. వేరు పట్టిందో లేదోనని రేపే పీకి చూడకండి.